అందుబాటులో లేని గులాబ్ బీ

మానవజాతి సాధించిన విలువలన్నింటిలోకీ గోప్యత గొప్పది. దాన్ని కాపాడడంలో పంజాగుట్టలోని మహిళా వైరస్ పరిశోధన కేంద్రాన్ని మించినవారు లేరు. (అక్కడ లిఫ్టు ఏ అంతస్తులో ఆగి ఉందో కూడా బయటికి పొక్కనివ్వరు.)

హెచ్‌పీవీ అనే వైరస్ ఎవరిలో ఉంది, ఎవరిలో అది ముందుముందు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు దారితీయవచ్చు అన్నది అక్కడ తేల్చాల్సిన విషయం. అమీర్‌పేటలో జాకెట్లు కుట్టే గులాబ్ బీ కూడా ఆ పరిశోధనలో చేరి పరీక్ష చేయించుకుంది. ఆమె అక్క ఆ క్యాన్సర్‌తోనే పోయింది; డాక్టరు దగ్గరికి చేరేసరికే ఆలస్యమైపోయింది. ఆ భయం గులాబ్ బీకి కంటి మీద కునుకు లేకుండా చేస్తోంది. అందుకే ఫలితం తెలుసుకుందామని మిషను ఆపి మరీ వచ్చింది.

ఫలితాన్ని ఫోన్లోనే చెప్పాలన్నది నిబంధన. లోపలికి వచ్చేవారు ఫోను ఆపేసి గేటు దగ్గర అప్పగించాలన్నది మరో నిబంధన. (రెండింటినీ వేర్వేరు కమిటీలు రాశాయి. రెండూ గోప్యత కోసమే.) అలా సమన్వయాధికారి హనుమత్ప్రసాద్ గారు గులాబ్ బీ ఎదురుగా కూర్చుని గులాబ్ బీకి ఫోన్ చేశారు.

"స్విచాఫ్ వస్తోందమ్మా," అన్నారు బాధగా.

"నేను గీడనే ఉన్న గద సార్. నోటితోని చెప్పుండ్రి."

"మీరే ఆవిడని నాకెలా తెలుస్తుంది?"

ఆమె ఆధార్ చూపించింది. ఆయన ఫొటోనూ ముఖాన్నీ మార్చి మార్చి చూశారు. (ముఖం అచ్చం ఆధార్ ఫొటోలాగే ఉండడంతో ఆయనకు అనుమానం ఇంకా బలపడింది.)

"కంప్యూటర్ల నా పేరు పక్కన ఎర్ర చుక్క ఉంది. గదేంది సార్?"

ఆయన గబుక్కున తెర పక్కకు తిప్పేశారు. "అది గులాబ్ బీ గారి సొంత విషయమమ్మా. ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పం."

(ఎర్ర చుక్క వచ్చినవారిని వెంటనే తర్వాతి పరీక్షకు పిలవాలని మూడో కమిటీ రాసింది.)

"అయితె రేపు ఇంట్లనే కూసుంట. ఫోన్ చేయుండ్రి."

"మీరొచ్చి అడిగితేనే ఫైలు తీస్తామమ్మా. తీసిన నిమిషంలోనే ఫోను చేసేయాలి."

వచ్చిన ప్రతిసారీ ఇదే జరిగింది. చివరికి ఫోనుకు దొరకనందువల్ల గులాబ్ బీని ఆచూకీ లేనివారిలో కలిపేశారు. సోమాజిగూడ హోటల్లో సదస్సు పెట్టి, మన ఆడవాళ్ళకు ఆరోగ్యం మీద శ్రద్ధ లేదని తేల్చి, భోజనాలు చేశారు.

గులాబ్ బీ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతులు జోడించింది. "మా అక్క గిట్లనే పోయింది సార్. నాకు చిన్న పిల్లలున్నరు. జర చెప్పుండ్రి, ఉందా లేదా?"

హనుమత్ప్రసాద్ గారు నిజంగానే చలించిపోయారు. మంచినీళ్ళు తెప్పించారు.

"బాధపడకండమ్మా. దీనికోసమే కొత్త పథకం పెట్టాం. ఆచూకీ లేనివాళ్ళు ఎక్కడున్నా వెతికి పట్టుకుని, ఫలితం చెప్పి, దగ్గరుండి వైద్యం చేయిస్తాం."

"అందుల నన్ను రాసుకోండ్రి సార్!"

"రాసుకునేవాణ్ణే," అన్నారాయన నొచ్చుకుంటూ. "కానీ మీరు దొరికిపోయారు కదమ్మా."