గడువు: మైనస్ ఒక్క నిమిషం

ప్రజల దగ్గర దాచవలసింది తమకేమీ లేదని, ఉన్నా దాచడానికి తగినన్ని బీరువాలు లేవని గోర్నో స్లివ్నో పురపాలక సంఘం ఆ వేసవి చివర్లో ఏకగ్రీవంగా తీర్మానించింది. పురపాలక కంప్యూటర్ ప్రోగ్రాముల్లోని ప్రతి వాక్యాన్నీ, ఏ రోజు ఎవరు ఏం మార్చారన్న చరిత్రతో సహా, పౌరులు ఇంట్లో కూర్చుని చదువుకునేలా ఒక వెబ్ పేజీ పెట్టాలన్నది దాని సారాంశం. (ఊరి జనాభా నాలుగు వేలు. అందులో ఆ వాక్యాలు చదవగలిగినవారు ఒక్కరు. వాటిని రాసింది కూడా ఆమే.)

ఆ ఒక్కరి పేరు జ్లాతినా. పేజీ పెట్టడం ఆమెకు గంటన్నర పని. చిక్కల్లా నేలమాళిగలో ఉన్న పాత సర్వరుతోనే. ఎవరు పేజీ తెరిచినా అది ప్రోగ్రాముల చరిత్ర దాచిన రిపోజిటరీని మొదటినుంచీ చదివి, పేజీని కొత్తగా వండేది. అప్పుడు దాని ఫ్యాను చేసే రొద సరిగ్గా పైనున్న పెళ్ళిళ్ళ గదిలో వినిపించేది. ఒక శనివారం వధువు ఇచ్చిన జవాబు రిజిస్ట్రారుకు వినపడక, ఆ జంట మూడు రోజులపాటు సగం పెళ్ళితో గడిపారు.

దీనికి విరుగుడు కాష్ అంది జ్లాతినా. పేజీని ఒకసారి తయారుచేసి, దాని నకలు దాచి, గడువు తీరేదాకా అడిగినవాళ్ళందరికీ ఆ నకలే చూపించడం. ఐదు నిమిషాల గడువు చాలంది. గడువన్న మాట వినపడగానే కమిషన్ ఏర్పాటైంది. దానికి అధ్యక్షుడు గ్రుదీ పంచెవ్. మర్యాదస్థుడు, తాజాదనమంటే ప్రాణం.

"ఐదు నిమిషాలు పాసిపోయింది జనానికి చూపిస్తామా అమ్మాయ్? సున్నా పెట్టు."

సున్నా పెడితే ఫ్యాను మళ్ళీ మోగుతుందని ఆమె చెప్పింది. పంచెవ్ వేళ్ళమీద ఏదో లెక్కకట్టాడు.

"అయితే మైనస్ ఒకటి పెట్టు. పాతబడటానికి ఒక నిమిషం ముందే కొత్తదైపోతుంది."

"మైనస్ ఒకటంటే దీంట్లో గడువు ఎప్పటికీ తీరదని అర్థమండీ."

"నేను ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను తల్లీ. సున్నా కంటే మైనస్ ఒకటి తక్కువ."

ఇది నిజమే కాబట్టి మినిట్సులోకి ఎక్కింది. దానిమీద ముద్ర పడింది.

ప్రారంభోత్సవం రోజున జ్లాతినా దగ్గర ఒక సవరణ సిద్ధంగా ఉంది. ముసలివాళ్ళకు చలికాలపు కట్టెలు పంచే ప్రోగ్రాములో ఒక తప్పుంది: ఇంటి యజమాని చనిపోతే ఇల్లు ఖాళీ అయిందని రాసుకుంటుంది. ఏప్రిల్‌లో మిత్కో పోయాడు. అతను ఇరవై ఏళ్ళు ఈ భవనానికే కాపలాదారు. అతని భార్య బాబా స్తోయ్న (బాబా అంటే అక్కడ అవ్వ) ఆ ఖాళీ ఇంట్లోనే కాపురముంటోంది. సవరణ ఒక్క వాక్యం. కానీ సవరణలన్నీ పేజీ తెరిచాక, ప్రజల కళ్ళెదుటే జరగాలని నిబంధన. పంచెవ్ రిబ్బను కత్తిరించి తొమ్మిదీ పదికి పేజీ తెరిచాడు. అందరూ బానిత్సా అనే చీజు రొట్టె తిని చేతులు తుడుచుకునే వేళకి, తొమ్మిదీ పదిహేనుకి, సవరణ లోపలికి వెళ్ళింది. గడువు తీరని నకలే చూపించే పేజీకి మాత్రం ఆనాటినుంచి తొమ్మిదీ పదే.

కట్టెల గుమాస్తాకు వేరే నిబంధన ఉంది. ప్రోగ్రాముకీ ప్రజలకు కనిపించే దానికీ తేడా వస్తే, ప్రజలకు కనిపించేదే చెల్లుతుంది.

"ఏమే పిల్లా, నేనున్నానా పోయానా?" అని బాబా స్తోయ్న ప్రతి బుధవారం వచ్చి అడిగేది.

"ఉన్నావు బాబా. పేజీలోనే లేవు."

"మరి పొయ్యి పేజీలో ఉందా?"

జ్లాతినా ఆ నకలు చెరిపేయబోయింది. అది ఇరవై ఆరో నంబరుతో ఆస్తుల పట్టీలో ఎక్కింది కాబట్టి, దాన్ని తీసెయ్యడానికి తుక్కు కమిషన్ సంతకాలు మూడు కావాలన్నారు. తుక్కు కమిషన్ వచ్చి నకలును పరీక్షించి, ఎక్కడా విరగలేదని, మంచి స్థితిలో ఉందని రాసి వెళ్ళింది. గడువు మార్చాలంటే మార్చిలో జరిగే సమావేశందాకా ఆగాలన్నారు. కొండ అప్పటికే మంచుతో తెల్లబడుతోంది.

అక్టోబరులో మిత్కో పోయి ఆరు నెలలైంది. ఆచారం ప్రకారం బాబా స్తోయ్న అతని ఫొటోతో, నల్ల అంచుతో ఉన్న సంస్మరణ కాగితం తెచ్చి పురపాలక భవనం తలుపుకి అంటించింది. నోటీసులు అంటించరాదన్న బోర్డుమీదే అంటించింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఊళ్ళో నల్ల అంచు కాగితాన్ని పీకే చెయ్యి ఇంకా పుట్టలేదు, దాన్ని వానే తీసుకుపోవాలి. పంచెవ్ లోపలికొస్తూ టోపీ తీసి, చివరిదాకా చదివి, నిట్టూర్చి వెళ్ళాడు.

జ్లాతినా ఇదంతా కిటికీలోంచి చూసింది. మధ్యాహ్నానికి మిత్కో ఫొటో కింద ఇంకో కాగితం వెలిసింది. నల్ల అంచు, మధ్యలో సవరించిన ఆ ఒక్క వాక్యం.

పంచెవ్ మళ్ళీ టోపీ తీశాడు. రెండుసార్లు చదివాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"ఇది ప్రజలకు కనిపిస్తోందా?" అని గుమాస్తాను అడిగాడు.

"నాక్కూడా కనిపిస్తోందండీ."

"అయితే చెల్లుతుంది. కనిపించినన్నాళ్ళూ, నెలనెలా కట్టెలు ఇవ్వండి."

"మరి వానొస్తేనో?" అంది అక్కడే నిలబడ్డ బాబా స్తోయ్న.

"అప్పుడు మీ ఇల్లు మళ్ళీ ఖాళీ అవుతుందమ్మా" అన్నాడు పంచెవ్, ఎంతో బాధగా.

ఇప్పుడు రాత్రిళ్ళు ఆ కాగితానికి ప్లాస్టిక్ కవరు కప్పుతున్నారు. పగలు కప్పితే అక్షరాలు మసకబారి, కనిపించడమన్న నిబంధనకు భంగం. అందుకని బాబా స్తోయ్న ఉదయం ఎనిమిదింటికి పొయ్యి ఆర్పి, తలుపుకి తాళం వేసి, గొడుగు పట్టుకుని వచ్చి, సాయంత్రం ఐదింటిదాకా కాగితం పక్కనే నిలబడుతోంది. ఆమె ఇల్లు ఖాళీగా ఉందని పేజీ చెప్పేది, కనీసం ఆఫీసు వేళల్లో, నిజమేనని కమిషన్ గుర్తించింది.