ఎడమ ఆవిడది, కుడి నాది

అక్టోబరు రెండో శనివారం పొద్దున్నే లీలాండ్ బెహ్రెన్స్ చాలా చిన్న పథకం వేసుకుని నిద్ర లేచాడు. గడ్డి కోయాలి. కాకపోతే తన వైపు గడ్డి ఒక్కటే కాదు, భార్య వెర్నా వైపు గడ్డి కూడా.

ఈ రెండు వైపుల సంగతి ముందే చెప్పేయాలి. వాల్‌హార్ట్ నెబ్రాస్కాలో చిన్న ఊరు. అక్కడ బెహ్రెన్స్ వారి ఇంటి ముందు రోడ్డు నుంచి అరుగు దాకా ఒక సిమెంటు బాట ఉంది. రోడ్డు మీద నిలబడి ఇంటివైపు చూస్తే ఎడమ పక్క గడ్డి వెర్నాది, కుడి పక్క లీలాండ్‌ది. ఆవిడ డెమోక్రాట్, ఆయన రిపబ్లికన్. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఎవరి బోర్డు వారి వైపు పాతుకున్నారు తప్ప, ఒకరి బోర్డు ఒకరు ముట్టుకున్న పాపాన పోలేదు. ఊరివాళ్ళు కారు ఆపకుండానే ఆ ఇంటి రాజకీయం చదువుకుని వెళ్ళిపోయేవారు. ఊళ్ళో ఇంకో మూడు నాలుగిళ్ళు కూడా ఇలాగే చీలాయి గానీ, పద్ధతి మొదలుపెట్టిన ఘనత మాత్రం వీళ్ళదే.

ఈ ఏడాది బోర్డులు ఓట్ల కోసం కాదు. సముద్రం అవతల ఎక్కడో యుద్ధం. ఆ దేశానికి సాయం పంపాలా వద్దా అని వాషింగ్టన్‌లో పెద్దలు కొట్టుకుంటుంటే, ఇక్కడ వాల్‌హార్ట్‌లో భోజనాల బల్లల దగ్గర చిన్నవాళ్ళు కొట్టుకుంటున్నారు. లీలాండ్ బోర్డు మీద "పరాయి యుద్ధానికి పైసా వద్దు" అని ఉంది. వెర్నా బోర్డు మీద "ఆకలితో ఉన్నవాళ్ళకి సాయం ఆపొద్దు" అని ఉంది. ఊళ్ళో ఉన్నది ఒక్కటే అచ్చాఫీసు కాబట్టి రెండూ ఒకే సైజు, అవే ఎరుపు, తెలుపు, నీలం.

పంతొమ్మిది రోజుల కిందట రాత్రి భోజనం దగ్గర మాటా మాటా పెరిగింది. "ఇవాళ డబ్బు పంపమంటారు, రేపు పిల్లల్ని పంపమంటారు. మా అన్న డెల్బర్ట్ అలా వెళ్ళినవాడే. పెట్టెలో తిరిగొచ్చాడు," అన్నాడు లీలాండ్. "డెల్బర్ట్ పేరు చెప్పి చలికి వణికే పసిపిల్లల్ని చావమంటావా?" అంది వెర్నా. అక్కడితో ఆగినా బాగుండేది. "అయితే ఈసారి నీ బొంతలు నువ్వే నెత్తిన పెట్టుకుని మోసుకుపో. నా లారీ కదలదు!" అనేశాడు.

నోరు జారడమంటే అదే. చర్చి ఆడవాళ్ళు ఏడాది పొడవునా పాత గుడ్డలతో బొంతలు కుడతారు. వాటిని ప్రతి అక్టోబరులో లీలాండ్ తన ధాన్యం లారీలో తొంభై మైళ్ళ దూరంలో లింకన్‌లో ఉన్న గోడౌనుకి చేరుస్తాడు. అక్కణ్ణుంచి ఓడెక్కి, ఇళ్ళు కూలినవాళ్ళ దగ్గరికి పోతాయి. పాతికేళ్ళుగా ఆ లారీ తప్ప ఇంకో బండి ఎరగరు. పైగా లీలాండ్ ఆ మాట ఇంట్లో అని ఊరుకోకుండా, మర్నాడు రైతుల కోఆపరేటివ్‌లో కాఫీ దగ్గర పదిమంది ముందు రొమ్ము విరుచుకుని మళ్ళీ అన్నాడు. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు. ఆ రోజు నుంచి వెర్నా నోరు విప్పలేదు. ఫ్రిజ్ మీద చీటీలు మాత్రం అంటించేది. "కూర లోపలుంది. వేడి చేసుకో." చివర సంతకం కూడా పెట్టేది. ఆ సంతకం చూస్తే లీలాండ్‌కి గుండె కలుక్కుమనేది.

ఈ శనివారం నాలుగు గంటల్లోపు నూట నలభై బొంతలు లింకన్ చేరాలి. చేరకపోతే మళ్ళీ వసంతం దాకా ఓడ లేదు, ఈ చలికాలం దాటిపోతుంది. లీలాండ్‌కి మనసులో పీకుతోంది. ఆవిడ ఒక్క మాట అడిగితే చాలు, కాస్త సణిగి లారీ తీసేవాడు. అడిగించుకోవడం ఎలా? బొంతల పనిలో పడి ఆవిడ గడ్డి మోకాలి దాకా పెరిగింది. అది కోసి పెడితే చూస్తుంది, చూస్తే మెత్తబడుతుంది, మెత్తబడితే అడుగుతుంది. ఇదీ పథకం.

వెర్నా ఆరింటికే వెనక సందులోంచి కారు తీసుకుని చర్చికి వెళ్ళిపోయింది. లీలాండ్ రోడ్డు దగ్గర నిలబడి, రెండు బోర్డులూ పీకి, "ఎడమ ఆవిడది, కుడి నాది" అని మనసులో రాసుకుని అరుగు మీద పెట్టాడు. తన వైపు, ఆవిడ వైపు, కంచె దాకా మెషీను తోలాడు. కళ్ళజోడు నిండా దుమ్ము, అందుకని జేబులో పెట్టాడు. ఆఖరికి పడమటి నుంచి మబ్బు ఉరిమింది. హడావిడిగా అరుగు మీద నుంచి బోర్డులు చెరో చంకలో పెట్టుకుని రోడ్డు వైపు నడుస్తూ, "ఎడమ ఆవిడది, కుడి నాది" అనుకుంటూ చెరో పక్కా గుచ్చేసి, కాఫీకి వెళ్ళిపోయాడు.

కోఆపరేటివ్‌లో కాఫీ డబ్బులు ఎవరివ్వాలో తేల్చే పాచికల డబ్బా బల్ల మీద ఉంది గానీ ఎవరూ ముట్టుకోవడం లేదు. వెర్నా తమ్ముడు గ్లెన్ కాఫీ కప్పులోకి చూస్తున్నాడు. లీలాండ్ కూడా సభ్యుడైన జిల్లా రిపబ్లికన్ కమిటీకి అధ్యక్షుడు నార్మ్ గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

"మీ ఇంటి ముందు నుంచే వచ్చా లీలాండూ. చూశా," అన్నాడు నార్మ్.

లీలాండ్ ముఖం వెలిగిపోయింది. "చూశావా? ఎలా ఉంది?"

"ఎలా ఉందా! మమ్మల్నే అడుగుతున్నావా!"

"నిజంగా నువ్వే చేశావా బావా?" అన్నాడు గ్లెన్ మెల్లిగా. "మా అక్క బలవంతం చెయ్యలేదు కదా?"

"మీ అక్క నాతో మాట్లాడితే కదరా బలవంతం చెయ్యడానికి! పొద్దున్నే లేచి నా ఈ చేతుల్తో నేనే చేశా."

"ఇన్నేళ్ళ తర్వాతా? సిగ్గనిపించలేదూ?" అన్నాడు నార్మ్.

"సిగ్గెందుకయ్యా? పంతొమ్మిది రోజులు ఇంట్లో మాట లేకుండా ఉండి చూడు, నీకే తెలుస్తుంది. ఎప్పుడో చెయ్యాల్సిన పని, పంతం పట్టి కూచున్నా. ఇవాళ చేసేశాక ఒళ్ళు దూదిపింజలా ఉందనుకో."

"మరి వెర్నా వైపు..." 

"అదీ నేనే చేశా. ఆవిడకింకా తెలీదు. చూస్తే ఎంత సంతోషిస్తుందో!"

నార్మ్ బుర్ర గోక్కున్నాడు. తను అటు ఫిరాయిస్తూ, పెళ్ళాన్ని చెప్పా పెట్టకుండా ఇటు చేర్చిన మనిషిని అతను తన రాజకీయ జీవితంలో చూడలేదు. టోపీ తీసుకుని లేచి వెళ్ళిపోయాడు. పది నిమిషాల తర్వాత లీలాండ్ ఫోను మోగింది. "కమిటీలో నీ కుర్చీ సంగతి సోమవారం తేలుద్దాం," అని పెట్టేశాడు నార్మ్.

"ఒరేయ్ గ్లెన్, పెళ్ళాం గడ్డి కోస్తే కమిటీలోంచి తీసేస్తారట్రా?" అని అటు తిరిగేసరికి గ్లెన్ కూడా లేడు.

లీలాండ్‌కి ఏమీ అంతుపట్టలేదు. కోఆపరేటివ్ వెనక పెరట్లో ఉన్న తన లారీ దగ్గరికి పోయి, మెట్టు మీద కూచుని ఫోను చేతిలో పట్టుకున్నాడు. వెర్నా అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది. పదకొండయింది. అటుగా పోతున్న కారు ఒకటి కీచుమని ఆగింది. అందులోంచి డార్లీన్ దిగింది. ఆవిడ డెమోక్రాట్ల తరఫున జిల్లాకి పెద్ద. పదేళ్ళుగా లీలాండ్‌ని చూసి తల తిప్పుకునే మనిషి, ఇవాళ వచ్చి గట్టిగా కావలించుకుంది.

"మా వాళ్ళల్లో కలిసినందుకు చాలా సంతోషం లీలాండ్! ఇవి తిను," అని వేడివేడి దాల్చినచెక్క రొట్టెల పళ్ళెం ఒళ్ళో పెట్టింది. అంతలోనే ముఖం దిగులుగా పెట్టింది. "వెర్నా విషయం మాత్రం... పోనీలే, నీ బాధ నాకు తెలుసు. అందరం షాకయ్యాం. పొద్దున్నే ఆవిడ చేతిలోంచి కత్తెర కూడా తీసేసుకున్నాం."

"కత్తెరెందుకు తీసుకున్నారు? ఆవిడేం చేసింది?"

"నీ నోటితో నువ్వెలా చెబుతావులే," అని భుజం తట్టి వెళ్ళిపోయింది.

పాపం, చర్చి నేలమాళిగలో వెర్నాకీ ఏమీ అర్థం కాలేదు. పద్ధెనిమిదేళ్ళుగా బొంతల పని నడిపించిన మనిషిని ఓ మూల కుర్చీలో కూచోబెట్టి, "నువ్వు అలిసిపోయావమ్మా, విశ్రాంతి తీసుకో" అన్నారు. విశ్రాంతి తీసుకోమన్నవాళ్ళు కళ్ళలోకి చూడలేదు. చివరికి గ్లెన్ భార్య నోరు జారి బోర్డు సంగతి చెప్పింది. అప్పుడు వెర్నా చెవులు ఎర్రబడ్డాయి. మాట్లాడడం లేదని ఆ ముసలాడు నా గడ్డిలో తన బోర్డు పాతాడన్నమాట! పంతొమ్మిది రోజులు చాలవు, ఇంకో పంతొమ్మిదేళ్ళు మాట్లాడకూడదు అనుకుంది.

ఒంటిగంట దాటింది. ఫోను మోగలేదు. పడమటి మబ్బు నల్లగా ఊరి మీదికొచ్చింది. లీలాండ్ రొట్టెల పళ్ళెం పక్కన పెట్టి లేచాడు. "టైర్లలో గాలి ఎలా ఉందో ఓ చుట్టు తిప్పి చూద్దాం," అని తనకి తానే పైకి చెప్పుకుని లారీ స్టార్ట్ చేశాడు. గాలి చూడడానికి సరిగ్గా చర్చి ఉన్న వీధే దొరికింది.

తీరా వెళ్ళి చూస్తే చర్చి ముందు అరడజను చిన్న ట్రక్కులు వరసగా ఉన్నాయి. అన్నీ కాఫీ బల్ల వాళ్ళవే! మూడు వారాలుగా "లీలాండ్ కదలకపోతే మేమూ కదలం" అన్న మొనగాళ్ళంతా బొంతల కట్టలు మోస్తున్నారు. వెర్నా మెట్ల మీద పెదాలు బిగించి నిలబడి ఉంది.

"నువ్వు మారావని తెలిశాక నాకూ ధైర్యం వచ్చింది బావా!" అని గ్లెన్ పరిగెత్తుకొచ్చాడు. "మా ఇంట్లోనూ మూడు వారాలుగా మాటల్లేవు. నువ్వేమంటావోనని ఆగా."

"నేను మారడమేంట్రా?"

ఫిరాయించినవాణ్ణి నచ్చజెప్పి వెనక్కి తీసుకుపోదామని వచ్చిన నార్మ్ మధ్యలోకి వచ్చాడు. "ఏంటి నాటకం? ఆవిడ బోర్డు నీ వైపు, నీ బోర్డు ఆవిడ వైపు పాతలేదూ? ఊరంతా చూసింది!"

"బోర్డులా? ఎవరివి వాళ్ళ వైపే పెట్టానే!" అని లీలాండ్ చర్చికి ఎదురుగా నిలబడి చేతులు చాపాడు. "ఇదిగో, ఎడమ ఆవిడది, కుడి నాది. పీకా. గడ్డి కోశా. తర్వాత అరుగు మీంచి ఇలా..." అంటూ వెనక్కి తిరిగి, మళ్ళీ చేతులు చాపాడు. "ఎడమ ఆవిడది, కుడి..."

అక్కడ ఆగిపోయాడు. ఇంకోసారి ఇటు తిరిగాడు. అటు తిరిగాడు. ముప్పైమంది నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. లీలాండ్ మెడ దాకా ఎర్రబడింది.

సరిగ్గా అప్పుడే మొదటి చినుకు గ్లెన్ టోపీ మీద టప్పున పడింది. అందరూ ట్రక్కుల వైపు చూశారు. ఒక్కదానికీ పైకప్పు లేదు. తడిసిన బొంతలు గోడౌనులో తీసుకోరు. పరదా ఉన్నది ఒక్క లీలాండ్ లారీకే.

లీలాండ్ వెర్నా వైపు చూశాడు. ఆవిడ అడగలేదు. ఇప్పుడు లారీ తీస్తే మాట తప్పినట్టు, తీయకపోతే బొంతలు తడిసినట్టు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అందరూ వినండి. నేనేం మారలేదు. వాషింగ్టన్ వాళ్ళు ఆ యుద్ధానికి పైసా కూడా పంపకూడదు. సోమవారం కూడా ఇదే అంటా, చచ్చేదాకా ఇదే అంటా." డార్లీన్ ముఖం మాడిపోయింది, నార్మ్ ముఖం విప్పారింది. "కానీ డెల్బర్ట్ రాసిన ఆఖరి ఉత్తరంలో అక్కడి పిల్లలకి కప్పుకోడానికి ఏమీ లేదని ఉంది. నాకు తెలిసి కూడా ఆ వెధవ మాట అన్నా. అనకూడదు. తప్పయిపోయింది. ఎక్కించండి."

"అంటే నువ్వు మారకుండానే నన్ను మార్చావా బావా?" అన్నాడు గ్లెన్ లబోదిబోమంటూ.

"అయితే దించేస్తావా?"

గ్లెన్ చేతిలో కట్ట వైపు చూశాడు, మెట్ల మీద వెర్నా పక్కనున్న తన భార్య వైపు చూశాడు. "నేను దించుతానన్నానా?" అని లారీలోకి విసిరాడు. చినుకులు జోరందుకున్నాయి. డార్లీన్ లారీ ఎక్కి కట్టలు అందుకుంటుంటే, కింద నుంచి అందించింది నార్మ్. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా నూట నలభై బొంతలు మార్చారు.

పరదా తాడు బిగిస్తున్న లీలాండ్ వెనక్కి వచ్చి నిలబడింది వెర్నా.

"నా వైపు గడ్డి కోశావా?"

లీలాండ్ చేతిలో తాడు జారింది. పంతొమ్మిది రోజుల తర్వాత విన్న గొంతు అది. "కోశా," అన్నాడు.

"మొత్తం?"

"కంచె దాకా."

వెర్నా కళ్ళు తుడుచుకుంది. వాన పడుతోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. "మరీ పొట్టిగా కోసుంటావు, నాకు తెలుసు," అంది. "ఆ తాడు గట్టిగా కట్టు. నేనూ వస్తా. దారి పొడుగునా ఎడమేదో కుడేదో చెప్పేవాళ్ళుండాలిగా."

లింకన్ దాకా తొంభై మైళ్ళూ ఇద్దరూ ఆ యుద్ధం గురించే గొంతులు బొంగురు పోయేలా పోట్లాడుకున్నారు. ఒక్క అంగుళం కూడా ఎవరూ జరగలేదు. లీలాండ్‌కి ప్రాణం లేచొచ్చినట్టుంది. నాలుగవడానికి పది నిమిషాలుండగా గోడౌను చేరారు. అన్నీ పొడిగానే ఉన్నాయి.

సోమవారం కాఫీకి వస్తూ నార్మ్ వీధి వీధీ పరిశీలించుకుంటూ వచ్చాడు: ఊళ్ళో చీలిన ఇళ్ళన్నిటి ముందూ బోర్డులు ఎవరివి వాళ్ళ వైపే ఉన్నాయి, గడ్డి మాత్రం రెండు వైపులా కోసి ఉంది.