ఉతికి చూసిన నెట్టు

ఆ రోజు పొద్దున దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాక బజారుకెళ్లి నెట్టు సిమ్ము ఒకటి కొనుక్కు రావాలి. సాయంత్రం నాలుగింటికి హోటలు మేనేజరు వీడియోలో కనబడతాడు. కుట్టి ఉంచిన నమూనా కోటు ఆయనకు చూపించాలి. అంతే.

ఆయన బాగుందంటే హోటల్లో వడ్డించేవాళ్లందరికీ కోటు కుట్టే పని తనకు వస్తుంది. బాగాలేదంటే రేపు పొద్దున రెండో కుట్టుమిషను అమ్మకానికి పోతుంది. పక్క వీధిలో రెడీమేడ్ షాపు తెరిచినప్పటి నుంచి ఇంట్లో రెండు మిషన్లకు పని లేదు. కొనేవాడితో బేరం కూడా అయిపోయింది. ఆ రెండో మిషను భార్యది. కాజాలు, అంచులు, గుండీలు అన్నీ ఆమె పనే. అమ్మేద్దామని దర్జీ అన్నాడు. ఆమె లేచి మిషనుకు నూనె వేసింది.

"మూల కొట్లో దొరుకుతుందట. తిన్నగా వెళ్లి తిన్నగా వచ్చేయండి" అంది భార్య.

ఆ మాట ఊరికే అనలేదు. దర్జీ ఏదీ తిన్నగా కొనే మనిషి కాదు. బట్ట కొనాలంటే రెండు వేళ్ల మధ్య నలుపుతాడు. పోగు లాగుతాడు. అంచు తడిపి ఎండలో పట్టుకుంటాడు. ఒకసారి కోటు లోపల వేసే అస్తరు గుడ్డ కోసమని వెళ్లి, పొద్దుగూకాక జేబునిండా నమూనా ముక్కలతో తిరిగొచ్చాడు. అస్తరు తేలేదు.

మూల కొట్టాయన సిమ్ము తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మా దుకాణాల పేరు మీద వచ్చేది. ఫోను కంపెనీ దగ్గర టోకున కొని, మా బొమ్మ వేసి అమ్ముతాం."

"టవరో?"

"టవరు వాళ్లదే."

"నెట్టు?"

"అదీ వాళ్లదే. ధర మాత్రం మాది. కంపెనీ షోరూము కంటే బాగా తక్కువ."

దర్జీకి అక్కడే నమ్మకం పోగు తెగింది. ఒకే మిల్లు బట్ట రెండు పేర్లతో రావడం ఆయన ఎరుగును. తక్కువకిచ్చే తానులో ఎక్కడో ఒక చోట మచ్చ ఉంటుంది. మూడు గజాలు విప్పేదాకా కనబడదు.

"మచ్చ ఎక్కడుంది?" అన్నాడు.

"నెట్టులో మచ్చేంటి దర్జీగారూ!"

"ఎక్కడో ఉంటుంది" అని దర్జీ లేచి కంపెనీ షోరూముకి నడిచాడు.

అక్కడ అద్దాల గది చల్లగా ఉంది. మెడలో బిళ్ల వేసుకున్న అమ్మాయి నవ్వుతూ కుర్చీ చూపించింది.

"ఇంతే నెట్టు మూల కొట్లో తక్కువకిస్తున్నారమ్మా. ఎందుకని?"

"రద్దీగా ఉన్నప్పుడు ముందు మా కస్టమర్లకి వెళ్తుంది సార్. తర్వాత వాళ్లకి."

"అంటే మీరు కత్తిరించాక మిగిలిన ముక్కలు వాళ్లకి."

"అలా కాదు సార్..."

"కొలతలో తేడా ఉందా?"

"కొలత ఒకటే సార్. అక్కడెంతో ఇక్కడా అంతే."

"ఉతికితే కుదించుకుపోతుందా?"

ఆ అమ్మాయి ఆ ప్రశ్నకు జవాబు కోసం కంప్యూటరులో వెతికింది. దొరకలేదు. లోపలికెళ్లి పెద్దాయన్ను అడిగి వస్తానంది. దర్జీ వద్దన్నాడు. అమ్మేవాడు చెబితే నమ్మడమెందుకు? ఉతికి చూస్తే అదే తెలుస్తుంది. కంపెనీది ఒకటి కొన్నాడు. దారిలో మూల కొట్టుదీ ఒకటి కొన్నాడు. రెండూ ఒకే కొలత, ఉన్నవాటిలో చిన్నవి. బాగున్నది ఉంచుకుని రెండోది తిరిగిచ్చేస్తే సరి.

ఇంటికొచ్చేసరికి బామ్మర్ది దిగి ఉన్నాడు. కోటు మనిషికి తొడిగి చూపించమని మేనేజరు చెప్పాడు కాబట్టి అతన్ని పిలిపించారు. సాయంత్రం రమ్మంటే పొద్దున్నే వచ్చి, కోటు తొడుక్కుని, అద్దం ముందు నుంచి కదలడం లేదు. ముదురు నీలం కోటు, ఇత్తడి గుండీలు.

"విప్పరా, నలుగుతుంది" అంది అక్క.

"అలవాటు పడాలి కదే. లేకపోతే వీడియోలో బిగుసుకుపోయినట్టు కనిపిస్తాను" అన్నాడు అతను.

భర్త చేతిలో రెండు సిమ్ములు చూసి ఆమె నడుం మీద చెయ్యి వేసుకుంది.

"ఒకటి తెమ్మంటే రెండు తెచ్చారేంటండీ?"

"ఉతికి చూడాలి."

"ఉతికితే బట్ట మిగులుతుంది. ఇదీ మిగులుతుందా?"

"అంచు తడిపి చూస్తాను. అంతే" అన్నాడు దర్జీ. ఆ పూటకు ఆయన మాట్లాడాల్సిన మాటలు దాదాపు అయిపోయాయి.

కంపెనీ సిమ్ము, కొడుకుతో పాటు వచ్చిన అత్తగారి ఫోనులో వేశాడు. కొట్టు సిమ్ము బామ్మర్ది ఫోనులో వేశాడు. ఇద్దరికీ ఒకే సీరియలు, ఒకే భాగం పెట్టించి, ఒకేసారి నొక్కమన్నాడు. ఏది ఎంత ఖర్చయిందో ఆ భాగం కాగానే చూస్తానన్నాడు. "ఒక్కటి చూసి ఆపేయండి" అని చెప్పి, పొట్టి చేయాల్సిన ప్యాంటు ఒకటి ఉంటే మిషను ముందు కూర్చున్నాడు. ఆయన జన్మలో సీరియలు చూడలేదు. చూసి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

ఆ భాగం చివర్లో పెద్దకోడలు తలుపు తీయబోయింది. తీయకుండానే భాగం అయిపోయింది.

"తలుపవతల ఎవరున్నారో చూసి ఆపేస్తాను అల్లుడుగారూ" అంది అత్తగారు.

మిషను చప్పుడులో దర్జీ "ఊఁ" అన్నాడు. ఆయన దేనికైనా అలాగే అంటాడు.

బామ్మర్ది ఫోనులో బొమ్మ ఆగి సున్నా తిరగసాగింది.

"అమ్మా, తలుపు తీసిందా?"

"తీసింది."

"ఎవరు?"

"నీది కూడా వస్తుందిగా. చూసుకో."

"ఆడా, మగా, అదన్నా చెప్పవే!"

"అయ్యో, అయ్యో! వీడికి ఈ ఇల్లెలా తెలిసింది!" అని అత్తగారు చెంపల మీద చేతులు పెట్టుకుంది. బామ్మర్ది ఫోనులో సున్నా ఇంకా తిరుగుతూనే ఉంది.

ఇస్త్రీ బట్టల మూటతో అటుగా వచ్చిన ఇస్త్రీ ఆయన ఆ కేక విని గుమ్మంలో ఆగాడు. విషయం తెలుసుకుని మూట దించాడు. ఎదురింటి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి అత్తగారి వెనక చేరారు. వాళ్లలో ఒకామె కొడుకు మూల కొట్టుకెళ్లి, దర్జీగారింట్లో మీ సిమ్ము ఓడిపోతోందని చెప్పాడు. కొట్టాయన తలుపు దించేసి పరుగున వచ్చాడు.

"అన్యాయం! నా సిమ్ముని గోడ మూల కూర్చోబెట్టారు. వాళ్లది కిటికీ దగ్గర పెట్టారు. గాలాడనిచోట ఎవరికైనా ఊపిరాడుతుందా? చోటు మార్చండి!"

చోట్లు మార్చారు. బామ్మర్ది కిటికీ దగ్గరకొచ్చాడు. సున్నా పోయి బొమ్మ పరుగెత్తింది. గోడ మూలకెళ్లిన అత్తగారి ఫోనులో సున్నా మొదలైంది. ఇప్పుడు తల్లి అడగడం, కొడుకు చెప్పకపోవడం. ఇంట్లో రెండు పక్షాలు తేలాయి. కిటికీ పక్షానికి చాయ్ కూడా వచ్చింది. సగం బామ్మర్ది గొంతులోకి, సగం కోటు మీదకి పోయింది.

"మొహాలు మసగ్గా ఉన్నాయి. నాణ్యత పెంచితే కళ్లలో నీళ్లు కూడా కనిపిస్తాయి" అన్నాడు ఇస్త్రీ ఆయన. రెండు ఫోనులూ తీసుకుని, ఎవరికీ అన్యాయం జరక్కుండా, రెండింటిలోనూ అన్నిటికంటే పైదాన్ని నొక్కాడు. కళ్లలో నీళ్లు కనిపించాయి. గదిలో కూడా ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. నెట్టు ఏటి నీరులా పోతోందని ఎవరికీ తోచలేదు.

భార్య వంటగదిలోంచి రెండుసార్లు తొంగిచూసింది.

"ఏవండీ, అంచు తడపడం ఇంకా అవలేదా?"

"ఊఁ" అన్నాడు దర్జీ. ప్యాంటు రెండో కాలు కుడుతున్నాడు.

సీరియల్లో పెద్దకోడలి చెంప మీదకి ఎవరిదో చెయ్యి లేచింది. లేచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. అత్తగారి ఫోను ఆగిపోయింది. కాసేపటికి బామ్మర్దిదీ ఆగిపోయింది. నెట్టు పూర్తిగా అయిపోయిందని రెండింటి మీదా ఒకే మాట వచ్చింది.

కొట్టాయన ఎగిరి గంతేశాడు. "మాది ఆఖర్న ఆగింది! మాదే ఎక్కువ మన్నింది!"

"మీది సగంసేపు సున్నా తిప్పుకుంటూ కూర్చుంది నాయనా. ఏ పనీ చేయకపోతే నేనూ మన్నుతాను" అంది అత్తగారు.

అప్పుడు దర్జీ మిషను ఆపాడు. గది నిండా జనం. అందరి మొహాల్లోనూ ఎవరో పోయినట్టుంది. గోడ గడియారం నాలుగు దాటింది. ఆయన తల ఎత్తి భార్యను చూశాడు. అంతలో ఆయన ఫోను మోగింది. వీడియో కాదు, మామూలు కాల్.

"ఇందాకటి నుంచి వీడియో చేస్తున్నాను, కలవదేంటండీ?" అన్నాడు హోటలు మేనేజరు.

"అయిపోయిందండీ."

"ఏది, కోటా?"

"నెట్టండీ."

"పొద్దున కొంటానన్నారుగా?"

"కొన్నానండీ. రెండు."

"రెండూ అయిపోయాయా? ఏం చేశారు వాటితో?"

"బాగున్నాయో లేదో చూశామండీ."

మేనేజరు, "నేను మీ పక్క వీధి రెడీమేడ్ షాపుకే వెళ్తున్నాను. వాళ్లతో దాదాపు అయిపోయినట్టే. దారిలోనే కాబట్టి ఒక్క నిమిషం ఆగి, మీ కోటు కూడా చూశాననిపించుకుంటాను" అని పెట్టేశాడు.

భార్య వెళ్లి తన మిషను మీద గుడ్డ కప్పింది. నాలుగు మూలలూ సరిచేసి, అరచేత్తో ఒకసారి నిమిరింది. దర్జీ అది చూశాడు. పొద్దున్నుంచీ ఎన్ని ఊఁలు అన్నాడో ఇప్పుడు వరసగా గుర్తొచ్చాయి.

"ఒరేయ్, కోటు విప్పరా! ఈ ఇస్త్రీ ఆయన చేత ఒక్క పెట్టు పెట్టిద్దాం" అంది భార్య.

కానీ బామ్మర్ది వినే స్థితిలో లేడు. ఎదురింటామె జాలిపడి తన ఫోను ఇచ్చింది. అందులో నెట్టు ఉంది. ఆ నెట్టుతో మేనేజరుకి వీడియో చేయాలని అక్కడ ఒక్కరికీ తోచలేదు. పెద్దకోడలికి దెబ్బ పడిందా లేదా అన్నదే అందరి బాధ. ఫోను ముందు బామ్మర్దికి దొరికింది.

"ఇలా తే! పెద్దదాన్ని, ముందు నేను చూడాలి!" అని అత్తగారు కోటు చెయ్యి పట్టుకు లాగింది.

"కనిపెంచిన కొడుకు మీద జాలి లేదా అమ్మా!" అని అతను ఫోను పైకెత్తి పట్టుకుని అటు లాగాడు.

"కోటు, కోటు! నలిగిపోతోంది!" అని ఇస్త్రీ ఆయన రెండో చెయ్యి పట్టుకున్నాడు. కొట్టాయన, న్యాయం కోసమనో ఎందుకనో, వెనక అంచు పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడు మేనేజరు గుమ్మంలో నిలబడ్డాడు. లోపల ఎవరూ ఆయన్ను చూడలేదు. దర్జీ ఒక్కడే చూశాడు. ఇంక చూడలేక కళ్లు మూసుకున్నాడు. చంకలో కుట్టు పర్రున పోయే చప్పుడు ఆయనకు బాగా తెలుసు. దాని కోసం చెవులు రిక్కించి నిలబడ్డాడు.

ఆ చప్పుడు రాలేదు.

కళ్లు తెరిచేసరికి మేనేజరు గది మధ్యలో ఉన్నాడు. అందరూ వదిలేసి గోడలకు అతుక్కుపోయారు. బామ్మర్ది ఒక్కడే ఫోను పైకెత్తిన చెయ్యి దించకుండా నిలబడ్డాడు. మేనేజరు వంగి ఆ చంకలోకి చూశాడు. వేలితో కుట్టు వెంబడి రాశాడు.

"ఎంతసేపటి నుంచి జరుగుతోందిది?"

"పొద్దున్నుంచీ అండీ" అన్నాడు దర్జీ. ఆయనకు అబద్ధాలు రావు.

"ఈ మరక?"

"చాయ్ అండీ."

మేనేజరు చేతిరుమాలు తడిపించి తుడిచాడు. మరక పోయింది. కోటు చేతులు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి కాలేదు. గుండీలన్నీ ఉన్నాయి. ఆయన మొహం మెల్లగా మారింది.

"మా వాళ్లు పళ్లెం పైకెత్తితే చాలు, ఇక్కడే పటుక్కుమంటుంది. నెల తిరక్కుండా అందరి చంకలూ చినుగుతున్నాయి. ఆ రెడీమేడ్ వాళ్లు కోటుని బొమ్మకి తొడిగి, అద్దాల పెట్టెలో పెట్టి చూపించారు." ఆయన గదంతా ఒకసారి కలయజూశాడు. "నలుగురి చేత నాలుగు వైపులా లాగించి చూపించాలని ఎవరికి తట్టిందండీ ఇది?"

దర్జీ నిజం చెప్పబోయాడు. అత్తగారు అడ్డొచ్చింది.

"మా అల్లుడుగారికే బాబూ. ఏ వస్తువైనా సరే, ఉతికి చూడందే ఒప్పుకోరు."

మేనేజరు తల పంకించాడు. పక్క వీధికి వెళ్లనని అక్కడే ఫోను చేసి చెప్పేశాడు. పై నెల లోపల అందరి కోట్లూ కావాలన్నాడు. "ఒక మిషనుతో అవుతుందా?" అని అడిగాడు.

"రెండున్నాయండీ" అంది భార్య. అప్పటికే మిషను మీది గుడ్డ ఆమె చేతిలో ఉంది.

వెళ్తూ వెళ్తూ మేనేజరు గుమ్మం దగ్గర ఆగాడు. "ఒక్క షరతు. పని ఎంతవరకొచ్చిందో రోజూ సాయంత్రం నాకు వీడియోలో చూపించాలి."

"ఊఁ" అన్నాడు దర్జీ.

ఆయన వెళ్లగానే గదిలో అందరూ ఒకేసారి నోళ్లు తెరిచారు. మూల కొట్టుదే కొనమని కొట్టాయన అన్నాడు. కాదు, కంపెనీదే నయమని అత్తగారు అంది. రెండూ ఇంకోసారి పెట్టి చూద్దాం బావా అని బామ్మర్ది కోటు సర్దుకున్నాడు. దర్జీ అందరి మాటలూ విన్నాడు, రెండు సిమ్ముల లెక్కలూ మనసులో వేసుకున్నాడు, చాలాసేపు ఆలోచించాడు. ఊరికి ఆ చివరనున్న హోటలు దాకా రోజూ కుట్టిన కోట్లు చంకన పెట్టుకుని నడిచి వెళ్లడమే అన్నిటికంటే చవకని తేల్చాడు.