త్రేస్యమ్మ ఆరు రోగాలూ, ఒక గర్భమూ

ఆ ఉదయం త్రేస్యమ్మ పథకం చాలా చిన్నది. మొదటి బస్సులో ఇడుక్కి కొండ దిగి, జిల్లా ఆసుపత్రిలో కంటి శుక్లం తీయించుకోవడం. మిరియాల కోత దగ్గరపడింది. పండేదో కాయేదో పోల్చుకోలేని డెబ్భై ఏళ్ల మనిషికి తోటలో పనెవరిస్తారు?

కొండమీది ఏడిళ్లవాళ్ల మందులు నెలనెలా ఆమే మోసుకెళ్లేది. పాతరోజుల్లో ఆరోగ్యకేంద్రంలో మందులిచ్చే దివాకరన్ లావుపాటి పుస్తకంలో ఏడు పేర్లకు ఏడు టిక్కులు పెట్టేవాడు. అరనిమిషం పని, అరగంట లోకాభిరామాయణం. ఎవరి దగ్గు తగ్గిందో, ఎవరి కోడలు అలిగిందో అన్నీ అక్కడే తేలేవి. ఆ పుస్తకానికి చెదలు పట్టాయేమోగాని మతిమరుపు పట్టలేదు. కంప్యూటరొచ్చాక ఒక్కో మనిషికి పదహారు నొక్కుళ్లు! ఈ మౌసును పట్టడంకంటే ఎలుకను పట్టడం సులువని తేల్చుకున్న దివాకరన్, ఏడుగురి మాత్రలూ త్రేస్యమ్మ పేరు మీదే ఎక్కించేశాడు. అతనికి నొక్కుళ్లు తగ్గాయి, ఆమెకు రోగాలు పెరిగాయి. ఆ వివరాలు ఈ నెల నుంచి జిల్లా ఆసుపత్రిలోనూ కనబడతాయని ఇద్దరికీ తెలియదు.

జిల్లా ఆసుపత్రిలో కంప్యూటరు తెర చూసి కంటి డాక్టర్ షాహినా అదిరిపడింది. "అమ్మచ్చీ, మీకు సుగరుందా?"

త్రేస్యమ్మకు సంగతి వెలిగింది. నిజం చెబితే దివాకరన్ ఉద్యోగానికి ఎసరు, చెప్పకపోతే తన కంటికి. "ఉంది మోళే," అంది కన్నకూతుర్ని పిలిచినట్టు.

"బీపీ? థైరాయిడ్? మూర్ఛ?"

"దేవుడి దయవల్ల అన్నీ ఉన్నాయి."

"గుండెజబ్బు, ఉబ్బసం?"

"అవి మాత్రం ఏం పాపం చేశాయి? ఉన్నాయి."

డాక్టర్ గొంతు తగ్గించింది. "గర్భిణులకిచ్చే మాత్రలు కూడా... ఎన్నో నెల?"

"వృశ్చిక మాసం! మీ గోడకి క్యాలెండరు లేదా?"

"స్కానింగ్ చేయందే ఈ తెర ముందుకు కదలదమ్మచ్చీ. ఇవన్నీ తేలేదాకా నేను కత్తి పట్టను. ఇవాళ్టి వంతు పోతే మళ్లీ విషు పండగ తర్వాతే."

అప్పటికి కోతలే అయిపోతాయి. త్రేస్యమ్మ నోరు తెరిచింది, దివాకరన్ పిల్లలు గుర్తొచ్చి మూసేసింది. గుండె డాక్టరొచ్చాడు. నాలుగు సీసాల రక్తం తీశారు. చక్రాల కుర్చీలో తోసుకెళ్లి కడుపు స్కానింగ్ చేశారు.

మధ్యాహ్నానికి ఫలితాలొచ్చాయి. షాహినా నోరెళ్లబెట్టింది. "కడుపులో ఏమీ లేదు సరే, ఆరు రోగాల్లో ఒక్కటీ అదుపు తప్పలేదే! ఇంత బాగా మీకు వైద్యం చేసేదెవరు?"

"మా దివాకరనే మోళే!"

సాయంత్రంలోగా శుక్లం తీసేశారు. ఆ యేడు త్రేస్యమ్మ బుట్టలో ఒక్క పచ్చి మిరియమూ పడలేదు.

దివాకరన్ ఉద్యోగానికీ ఢోకా రాలేదు. ఒక్క మాత్రా వదలకుండా ఎక్కించిన అతని లెక్కలు చూసి మురిసిపోయి, కొండమీది ఆరోగ్యకేంద్రాలన్నింటికీ అతన్నే కంప్యూటరు శిక్షకుడిగా వేశారు.