సీటు లేని బండి

శుక్రవారంలోగా ఒక మోటారు సైకిలు కొనాలి, శనివారం సెలవు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. గురువారం పొద్దున గల్ఫ్‌లోని మహూజ్‌లో, వీసా ఇచ్చి రప్పించుకున్న అరబ్బు యజమాని, అదే కఫీల్, కారు తుడుస్తూ డ్రైవర్ భూమేష్ వేసుకున్న పథకం ఇంతే. ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదని అతడి గట్టి నమ్మకం.

కఫీల్ అబూ జాసిమ్ యాభై దాటిన భారీ మనిషి. మేడమెట్లు ఎక్కితే మూడుచోట్ల ఆగుతాడు. అలాంటివాడు స్నేహితులు రెచ్చగొడితే ట్రయల్స్ పోటీకి వస్తానని మాటిచ్చేశాడు. అది వేగం పందెం కాదు. బండి మీద రాళ్లూ గుట్టలూ ఎక్కి దిగాలి, కాలు నేలకు తగిలితే మార్కులు పోతాయి. ఆ పోటీల బొమ్మల పుస్తకం తెప్పించుకున్నప్పటి నుంచీ ఆయనకు తిండి సహించడం లేదు. అయినా మాటిచ్చి వెనక్కి తగ్గితే పరువేం కాను? భూమేష్ ఊళ్లో పాత బండ్ల దుకాణంలో పనిచేశానని ఎప్పుడో కోసిన కోతలు గుర్తొచ్చి అతణ్ణే పిలిచాడు.

"నేను కొత్త. నాలాంటివాడికి పనికొచ్చే బండి చూడు. మంచిది తెస్తే రెండు నెలలు ఛుట్టీ, టికెట్టు నాది" అన్నాడు వచ్చీరాని హిందీలో. ఆ దుకాణంలో భూమేష్ చేసిన పనల్లా బండ్లు కడగడమే. ఆ సంగతి ఇప్పుడు చెప్తే ఛుట్టీ పోతుందని నోరు మూసుకున్నాడు.

ఆ ఛుట్టీ అతడికి ప్రాణంతో సమానం. మెట్‌పల్లి దగ్గర ఊరొదిలి మూడేళ్లయింది. విమానం ఎక్కాక పుట్టిన బిడ్డను ఇంతవరకూ ఎత్తుకోలేదు. మీ బాపు యాడున్నడంటే అందరూ "దుబాయిల" అని నేర్పడంతో, ఆ పిల్ల అతడి ఫొటోను చూసి "దుబాయీ" అని పిలుస్తోందట. భార్య జమున అది నవ్వులాటగా ఉత్తరంలో రాసింది. భూమేష్‌కు మాత్రం చదువుతుంటే ఏడుపొచ్చింది.

అమ్మేది దేశం విడిచి వెళ్లిపోతున్న ఒక తెల్లాయన. ఆయన దగ్గర రెండు బండ్లున్నాయి. పెద్ద ఇంజన్ దాన్ని తెల్లాయన కొంచెం రేజ్ చేయగానే ముందు చక్రం గాల్లోకి లేచింది. భూమేష్ గోడ చాటుకు దూకి, ఇది అబూ జాసిమ్ బాబాను గుట్ట మీదికి కాదు, నేరుగా పైలోకానికే చేరుస్తుందని తేల్చుకున్నాడు. రెండోది చిన్నది, పాతది, ఇంజన్ సాధువు. వెనక భాగం ఒంటిచేత్తో లేచింది. తెల్లాయన దాని మీద నిలబడి పెరట్లో రాళ్ల కుప్ప ఎక్కి దిగి చూపించాడు. కుర్చీలో కూర్చున్నట్టు నడపాల్సిన బండి మీద ఈ వేషాలేమిటో భూమేష్‌కు అర్థం కాలేదు. అయినా కొత్తవాడికి తగిన బండినే ఎంచాడు. ఆ రోజు అతడు చేసిన మంచిపని అదొక్కటే.

పికప్‌లో ఎక్కించుకుని అరాద్ వెళ్లాడు, దోస్తు ఫుర్ఖాన్‌కు చూపిద్దామని. ఫుర్ఖాన్ నిజామాబాద్‌వాడు, అరాద్‌లో కార్ల సీట్లు కుట్టే దుకాణంలో పని. బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి అడిగాడు.

"మస్తుగుంది గాని, సీటేది భాయ్?"

భూమేష్ అప్పుడు చూశాడు. సీటు ఉండాల్సిన చోట అరచేయంత రబ్బరు ముక్క ఉంది.

"అవ్వల్ల! అందుకే నిలవడి నడిపిండు. పాపం, కూసుందామన్నా జాగ లేదు!"

తెల్లాయన ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. అప్పటికే ఆయన విమానాశ్రయంలో ఉన్నాడు.  బిడ్డ జీవితాంతం తనను దుబాయీ అనే పిలుస్తుందేమోనని భూమేష్‌కు భయం పట్టుకుంది.

"ఏడుస్తవేందిరా? నేనున్నది ఎందుకు?" అని ఫుర్ఖాన్ మెడలోని టేపు తీశాడు.

అంతటితో ఆగినా బాగుండేది. కూలీల క్యాంపు నుంచి లింగన్న వచ్చాడు. ఊళ్లో ఎవరు కొత్త బండి కొన్నా సలహా చెప్పనిదే నిద్రపోని మనిషి.

"ఒక్కడు కూసునే బండి బండేనా తమ్మీ? మేడమ్ యాడ కూసోవాలె?"

కఫీల్ భార్యకూ చోటుండాలి, నిజమే అనిపించింది. సీటు రెట్టింపు పొడుగైంది. మేడమ్ కూర్చుంటే పాదాల దాకా వేలాడే నల్ల అబాయా చక్రంలో పడదా? మన దగ్గర చీరకు వేయించినట్టే ఇనప జాలీ వేయించారు. బజారుకు వెళ్తే సామాన్ ఎక్కడ పెట్టాలి? వెనక క్యారియర్ వచ్చింది. ఇవన్నీ నిలవడానికి పక్క షాపు వెల్డర్ ఫ్రేముకు నాలుగుచోట్ల అతుకులేశాడు. చివరికి లింగన్న హ్యాండిల్‌కు నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, దిష్టి తీశాడు. ఎర్ర రెగ్జిన్ సీటు, అంచున బంగారు కుచ్చులు. ముగ్గురూ దూరంగా నిలబడి మురిసిపోయారు.

శుక్రవారం పొద్దున అబూ జాసిమ్ ఇంటి ముందు స్నేహితులు చేరారు. సాయంత్రమే పోటీ. భూమేష్ గర్వంగా దుప్పటి లాగాడు.

 ఒకాయన నవ్వు ఆపుకోలేక కాఫీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. ఇంకొకాయన ఫ్రేము తడిమి, ఈ అతుకులతో పోటీలోకి రానివ్వరని పెదవి విరిచాడు.

అబూ జాసిమ్ తల పట్టుకున్నాడు. "ట్రయల్స్ బండికి సీటుండదు! లోకమంతా నిలబడే నడుపుతుంది! దానికి సోఫా కుట్టిస్తావా? గెలిచేవాణ్ణి, ఈరోజు గెలిచేవాణ్ణి! ఖలాస్! పాస్‌పోర్టు తీసుకుని యల్లా, ఇండియాకు పో!"

 భూమేష్ బిడ్డను చూస్తాడు సరే, ఉద్యోగం పోగొట్టుకున్న మొహంతో చూడాలా? కఫీల్ వెనకాలే లోపలికి నడిచాడు.

తలుపు మూయగానే అబూ జాసిమ్ సోఫాలో కూలబడి, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. బల్ల మీది రొట్టె తుంచి, వారం రోజుల ఆకలి తీరేలా తిన్నాడు. తర్వాత సొరుగులోంచి పాస్‌పోర్టు, టికెట్టు, రెండు నెలల సెలవు కాగితం తీసి చేతిలో పెట్టాడు.

"బాబా... మళ్లీ రావాలెనా?"

"రాకపోతే నా కారెవరు నడుపుతారు?" అని గొంతు తగ్గించాడు. "ఆ పుస్తకంలో రాళ్లు చూశావా? నా నడుము అడ్డంగా విరిగేది. అల్లా నిన్ను చల్లగా చూడాలి. బయట వాళ్లున్నారు, వెళ్లేటప్పుడు కొంచెం ఏడువు."

ఆ అవసరం లేకపోయింది. భూమేష్ అప్పటికే నిజంగా ఏడుస్తున్నాడు.

గుమ్మం దాటబోతుంటే మళ్లీ పిలిచాడు. వచ్చే చలికాలం స్నేహితులు గుర్రపు స్వారీ అంటున్నారట. గుర్రాన్ని కూడా భూమేషే చూసి తేవాలట.

ఊరెళ్లే ముందు ఈ సంగతి చెబితే, ఫుర్ఖాన్ టేపు తీసి, దాని మీద మేడమ్ కూడా కూసుంటదా అని అడిగాడు.