గోడెక్కిన మొంజియా పిన్ని

మనిషిగా పుట్టడం కంటే గోడ మీద బొమ్మగా పుట్టడమే మేలు! ఆడదానికైతే మరీ మేలు. నవ్వకండి, తమాషాకి అనడం లేదు. ట్యూనిస్ పాతపట్నంలో, మా సందు మొదట్లో, కళ్ళారా చూసి చెబుతున్నాను.

అక్కడ పాత గింజల కొట్టు గోడ ఒకటుంది. దాని కింద మొంజియా పిన్ని పెనం పెట్టుకుని మ్లావీ రొట్టెలు కాలుస్తుంది. మొగుడు కాలం చేసిన ఏడాది మొదలుపెట్టింది. ఇద్దరు కూతుళ్ళనూ ఆ పెనం మీదే చదివించింది. ఆమె రొట్టె తినని నోరు మా పేటలో లేదు. ఆమె మొహం చూసిన కన్ను ఉందా అంటే మాత్రం అనుమానమే. రొట్టె కొనేవాడు రొట్టెను చూస్తాడు గానీ మనిషిని చూస్తాడా?

చూసింది ఒక్క యోస్రే. కాలేజీలో పాతకాలపు రాణుల చిత్తరువులు గీయడం నేర్చి, చివరికి స్ప్రే డబ్బాలు సంచిలో వేసుకుని వీధిన పడ్డ పిల్ల.

"పిన్నీ, నీ బొమ్మ వేస్తాను, కూర్చో."

"కూర్చునే ఉన్నాగా!"

"కాస్త ఇటు తిరుగు మరి."

"అటు పొగ, ఇటు నువ్వు. ఎటు తిరగమంటావే?"

వారం తిరిగేసరికి గోడంతా పిన్నే! వెనక చిక్కటి చీకటి, చెంప మీద పక్కగా పడే వెలుగు, తలగుడ్డకి పట్టుబట్ట లాంటి మడతలు. మెడ దిగేసరికి మాత్రం వీధి వేషం. నీలం, గులాబీ రంగులు ధారలు కట్టి కారుతుంటాయి, వాటి మీద కుర్రకారు రాతలు అడ్డదిడ్డంగా. మహారాణి గారు రౌడీ చొక్కా తొడుక్కున్నట్టు!

పిన్ని పెనం దించి చాలాసేపు చూసింది.

"నా మొహం ఇంత బావుంటుందని ఆయన ఒక్కసారైనా చెప్పాడు కాదే," అంది. తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుని, నేరం పొగ మీదికి నెట్టేసింది.

ఇక చూసుకోండి బొమ్మ మహిమ! కాఫీ కొట్టు ముందు కాళ్ళు బారజాపి కూర్చునే మగవాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు. కొత్త దంపతులు ఫొటోలకు వరస కట్టారు. ఏళ్ళ తరబడి మాటల్లేని ఆడబిడ్డ దిగబడి, "మా వదినే!" అంటూ సెల్ఫీ తీసుకుని, వదినకు మాత్రం కనబడకుండా వెళ్ళిపోయింది. గోడవార చెత్త విసిరే ఖమాయిస్ సైతం సిగ్గుపడి పక్క సందులో విసరడం నేర్చుకున్నాడు! నాగరికత అంటే ఇదే కదా?

అంతలో పేట సుందరీకరణ కమిటీకి మెలకువొచ్చింది. అధ్యక్షుడు లజ్హర్ గారు గోడ ముందే వేదిక వేయించి, మైకు పట్టుకుని, "ఈమె మన తల్లి! మన పేట పరువు!" అని గొంతు వణికించారు. పిన్ని పిండి చేతులతోనే చప్పట్లు కొట్టింది.

వేదిక దిగగానే ఆయన చూపు కింద ఉన్న పొయ్యి మీద పడింది.

"ఏమమ్మా, ఆ మహాతల్లి మొహానికి పొగ పెడతావా? బుద్ధి లేదూ? సామాను తీయ్!"

పిన్ని ఆయన వంక చూసింది, గోడ వంక చూసింది. జనం నవ్వు బిగబట్టుకున్నారు.

"ఆవిడ నన్నేమీ అనలేదే బాబూ."

"బొమ్మ ఎలా అంటుంది? మేం అంటున్నాం!"

మర్నాడు అక్కడ ఇనపగొలుసు వెలసింది. వెనకాలే పూలకుండీలు. పిన్ని పెనం మోసుకుని బస్టాండు వెనక్కి పోయింది. అటు ఎవడు పోతాడు? కలిపిన పిండి కలిపినట్టే ఇంటికి తిరిగొచ్చేది.

లజ్హర్ గారిని తప్పుపట్టలేం లెండి. బొమ్మ పొగ పెట్టదు, నూనె ఒలకబోయదు, ఎదురు చెప్పదు. గౌరవించడానికి ఎంత వీలు!

యోస్ర్ ఏడుస్తూ పిన్ని ఇంటికి వచ్చింది. "ఇదంతా నా మూలానే వచ్చింది పిన్నీ."

"ఏడుపు తర్వాత. నిచ్చెన ఉందా?"

"ఉంది."

"సున్నం నేను తెస్తాను."

యోస్ర్ మొహం పాలిపోయింది. "నేను వేసినవాటిల్లో అంత మంచిది ఇంకోటి లేదు, పిన్నీ."

"నాకు తెలీదూ? ఆ మొహం నాదేగా! నువ్వు చూశావు, నేనూ చూసుకున్నాను. అది చాలే. రొట్టె మాత్రం రోజూ కాలాలి."

పట్టపగలే ఎక్కింది పిన్ని. యోస్ర్ నిచ్చెన పట్టుకుంది. గులాబీ రంగు పోయింది, పట్టు మడతలు పోయాయి. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి కుంచె ఆగింది. పిన్ని ఊపిరి పీల్చుకుని, ఒక్క విసురుతో వాటినీ కప్పేసింది.

తెల్లగోడకి కాపలా ఎందుకని గొలుసు మేమే ఊడదీశాం. కుండీ ఒకటి నేనూ మోశాను, నడుం ఇంకా నొప్పే. పెనం పాత చోటికే వచ్చింది.

ఆ వారమే లజ్హర్ గారు అతిథుల్ని వెంటబెట్టుకొచ్చి, గోడ చూసి నిలువునా నీరుగారిపోయారు.

"ఆవిడేదీ?"

పిన్ని తలెత్తింది. "ఏ ఆవిడ?"

"ఇక్కడుండేది కదమ్మా, ఆ మహాతల్లి!"

"ఆవిడా? ఆవిణ్ణి మీ కమిటీవాళ్ళే వెళ్ళగొట్టారు కదా బాబూ," అంటూ పిన్ని రొట్టె తిరగేసింది. "గుడ్డు వేయమంటారా, వట్టిదేనా?"