డిజైన్ వేళ వెచ్చదనం

లోకంలో ఏ పనికైనా రెండు వేళలుంటాయి: గీసుకునే వేళ, నడిచే వేళ. గీసుకునే వేళ అన్నీ సవ్యంగా ఉంటాయి. అందుచేత అమెరికాలో, ఉత్తర మిన్నెసోటాలో మా కౌంటీ (మన జిల్లా లాంటిది) గృహ తాపన సహాయ శాఖవారు అందులోనే కాపురం పెట్టేశారు.

నేను ఆ శాఖలో కంట్రోళ్ళు తయారుచేస్తాను. కంట్రోల్ అంటే వెబ్ పేజీలో అమర్చే ఒక ముక్క. నేను చేసింది, హీటర్ చెడిపోయిన ఇళ్ళవాళ్ళకి మరమ్మతు రోజులు చూపించే పట్టిక. ఖాళీగా ఉన్న రోజు మీద నొక్కితే ఆ రోజు మనిషి వచ్చి బాగు చేస్తాడు, కాకపోతే కొత్తది పెడతాడు. అయితే పేజీ అల్లేవాళ్ళు ఈ ముక్కని తమ డిజైన్ తెర మీదకి లాక్కున్నప్పుడు అసలు సమాచారం ఇంకా రాదు. ఆకారం తెలియడానికి అక్కడ ఏవో ఉత్తుత్తి పేర్లు చూపించాలి. పేజీ నడిచే వేళకి అవి పోయి అసలు పేర్లు రావాలి. దీన్నే డిజైన్ వేళ సహకారం అంటారు. పెళ్ళిచూపుల నాటి వినయం లాంటిదన్నమాట.

మొదట్లో నా ముక్క డిజైన్ తెర మీద ఒట్టి బూడిదరంగు డబ్బాలా కనిపించేది. శాఖాధిపతి గ్రెచెన్ వాల్‌స్ట్రోమ్ గారు సమీక్షలో దాన్ని చూసి మొహం చిట్లించారు.

"ఏంటయ్యా నీల్స్ ఇది? చలికి వణికే జనానికి మనం బూడిద చూపిస్తామా?"

"జనానికి ఇది కనపడదు మేడమ్. ఒక్కసారి నడిపించి చూపిస్తే..."

"నడపడం తర్వాత సంగతి. ముందు కంటికి ఇంపుగా ఉండాలిగా!"

(నడిపించి చూడడం మా సమీక్షల్లో నిషిద్ధం. నడిపిస్తే నిజమైన పౌరులు లోపలికి వచ్చే ప్రమాదం ఉందని రూప సమీక్షా నిబంధనల్లో స్పష్టంగా ఉంది.)

సరే, ఉత్తర్వు ఉత్తర్వే. పౌరుడు ఒకటి, పౌరుడు రెండు అని పేర్లు పెట్టాను. మరీ చప్పగా ఉన్నాయన్నారు. మా ఊళ్ళో వినిపించే మనుషుల పేర్లు పెడితే, నార్వే సంతతివాళ్ళవే ఎక్కువయ్యాయని ఆఫీసులోని ఫిన్లండ్ సంతతివాళ్ళు అలిగారు. అప్పుడు నమూనా పౌరుల ఉపసంఘం ఒకటి వెలిసింది. అది ప్రతి గురువారం కూడి, ఎవరింటి హాట్‌డిష్ వంటకంలో పైన పరిచిన బంగాళాదుంప ముక్కలు బాగా కరకరలాడాయో తేల్చాక, మిగిలిన సమయంలో పేర్ల గురించి చర్చించేది. పేర్ల ఎదురుగా 'ఎదురుచూస్తున్నారు' అని ఉండడం గ్రెచెన్ గారిని కలచివేసింది. దాన్ని 'హీటర్ పెట్టాం, ఇల్లు వెచ్చగా ఉంది' అని మార్పించారు. వెచ్చదనానికి రుజువేదని ఉపసంఘం అడిగింది. ప్రతి పేరు పక్కనా ఒక చిన్న ఉష్ణోగ్రత సూది గీసి, డెబ్బై రెండు ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర నిలబెట్టాను.

చూసినవాళ్ళంతా చంకలు గుద్దుకున్నారు. పైన పటారం, లోన లొటారం. అసలు సమాచారం తెచ్చే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. పేజీని జనం ఇళ్ళలో తెరిస్తే తెల్లగా ఉండేది.

అలా తెరిచినవాళ్ళలో బెవ్ కోస్కీ ఒకామె. స్కూలు బస్సు నడుపుతుంది. ఇద్దరు పిల్లలతో ట్రైలర్ ఇంట్లో, అంటే చక్రాల మీద తెచ్చి నిలబెట్టిన రేకుల ఇంట్లో ఉంటుంది. జనవరిలో ఆమె హీటర్ చచ్చిపోయింది. బయట సున్నాకి కింద ఇరవై. మా ఆఫీసులో ఫోన్లు చూసే ఆర్లిస్‌కి రోజూ ఫోన్ చేసేది.

"ఇదిగో అక్కా, మీ పేజీ తెల్లమొహం వేసుకుని చూస్తోంది తప్ప ఒక్క రోజూ చూపించట్లేదు. పిల్లలు కోట్లేసుకుని పడుకుంటున్నారు."

"మా దగ్గర నిక్షేపంలా కనిపిస్తోంది తల్లీ. నీ కంప్యూటర్ ఓసారి ఆపి మళ్ళీ పెట్టు."

"ఆపి పెడతానులే అక్కా. పైపులు గడ్డకడితే ఏం ఆపను, ఏం పెట్టను?"

చివరికి ఒళ్ళు మండి, బస్సు డిపో నుంచి తిన్నగా ఆఫీసుకే వచ్చేసింది. మంచు బూట్లతో సమీక్ష గదిలోకి నడిచింది. ఎదురుగా గోడ మీద నా పట్టిక వెలిగిపోతోంది.

"వీళ్ళందరికీ పెట్టారా? వీళ్ళెవరు? మా వీధిలో ఒక్కరూ లేరే!"

"వాళ్ళు నమూనా మనుషులమ్మా," అన్నాను.

"నమూనా మనుషులకి చలేంటయ్యా?"

గ్రెచెన్ గారు నిజంగానే కదిలిపోయారు. ఆవిడ మంచి మనిషే, అదే వచ్చిన చిక్కు. బెవ్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, నావైపు తిరిగారు.

"నీల్స్, ఈవిడ పేరు అందరికంటే పైన పెట్టు. ఇప్పుడే."

పెట్టాను. బెవ్ కోస్కీ. హీటర్ పెట్టాం, ఇల్లు వెచ్చగా ఉంది. డెబ్బై రెండు.

బెవ్ కళ్ళు తుడుచుకుంది. "అంటే మనిషొస్తాడా?"

"చూడమ్మా, వచ్చి వెళ్ళిపోయాడు కూడా," అన్నారు గ్రెచెన్ గారు, తెర చూపిస్తూ.

ఆ వారం ఉపసంఘం హాట్‌డిష్ విందు మానేసి, ఎవరూ చెప్పకపోయినా అసలు సమాచారాన్ని పట్టికకి కలిపాను. పేజీ జనం ఇళ్ళలో నడిచింది. నిజమైన రోజులు, నిజమైన ఖాళీలు. ముందుగా బెవ్‌కే ఫోన్ చేశాను.

"నొక్కమ్మా. రేపే ఖాళీ ఉంది."

"నొక్కాను బాబూ. 'ఈ ఇంటికి హీటర్ ఇదివరకే ఇచ్చాం, ఇంటికి ఒకటే' అంటోంది."

ఆరా తీశాను. ఆమె వచ్చిన మర్నాడే గ్రెచెన్ గారు ఆ డిజైన్ తెరని ఫొటో తీయించి వార్షిక నివేదికలో వేయించారట. కౌంటీ బోర్డువారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. నివేదికలో అబద్ధం ఉండకూడదు కనుక, రికార్డులన్నిటినీ దానికి తగ్గట్టు సరిచేయించారట. నమూనా పౌరులు నూటికి నూరుమందీ లబ్ధిదారులయ్యారు. వాళ్ళలో నిజంగా ఇల్లున్నది బెవ్ ఒక్కదానికే. దీని మీద అప్పీలు చేసుకోవచ్చు. వేసవిలో వింటారు.

బెవ్ ఆర్లిస్‌కి ఫోన్ చేసింది. నేను పక్కనే నిలబడ్డాను.

"మరి ఆ హీటర్ ఏదక్కా?"

"అదేంటి తల్లీ, నీ ముందే కదా పెట్టారు! కుర్చీలో కూర్చుని కళ్ళారా చూశావు. కాఫీ కూడా తాగావు."

మర్నాడు సున్నాకి కింద ముప్పై. పైపులు పగిలి ట్రైలర్ నేలంతా గడ్డకట్టింది. బెవ్ పిల్లల్ని తీసుకుని చెల్లెలింటికి పోయింది. ఆ సంగతి తెలిసి గ్రెచెన్ గారు చాలా నొచ్చుకున్నారు. ఖాళీ ఇంటికి అంత వేడి దుబారా కనుక, తెర మీద ఆమె సూదిని యాభై అయిదుకి దించమని నాకు కబురు పంపారు.